అంగమ్మాళ్ వదినె అడగమన్నది

ఆ పోటోనా? దాన్నే చూస్తా ఉండావా ఇంతసేపు? నేనేమో ఈ పిల్ల గోడనేంటికి చూస్తాది, సున్నం రాలిందా ఏంది అనుకుంటి. అది మా అంగమ్మాళ్ వదినె, పాపా. మీ తాతకి కూడబుట్టిన అక్క. నీ మొగుడు కుమారవేలుకి అవ్వ వరస. ఏంది? తల ఏంటికి అట్ల గొర్రెపిల్ల మాదిరి ఉండాది అంటావా? అడ, సరిగ్గా అదే అడిగినావు చూడు! ఆమె ఉండి ఉంటే నిన్ను ఎత్తుకోని ముద్దు పెట్టేది. చెప్తా, చెప్తా. ముందు ఆ ఫ్యాను కిందకి జరుగు. వాడు స్కాను కాగితాలు జెరాక్సు తీసేదానికి బజారుకి పోయినాడు కదా, మా విరుదునగరం బజారు సంగతి నీకు తెలీదు, మద్యాన్నం అయితే సగం మంది అంగట్లోనే గుర్రు పెడతా ఉంటారు. వాడు వచ్చేసరికి నాలుగు అవుతాది. అంతలోపల ఆ గుడ్డు తిను. వద్దా? సరే, బలవంతం లేదు, ఈగ వాలకుండా మూత పెట్టు. సాత్తూరు దాటతానే కారు తిప్పమని ఏడ్చినావంట కదా. వాడు ఫోనులో చెప్పె. 'అవ్వా, ఇది మదురైకి రానంటాది, నీకాడికి తీసుకొస్తా, నువ్వు చెప్పు' అనె. నేనేం చెప్పేది? పో అని చెప్పను, వద్దు అనీ చెప్పను. రేపు పొద్దున మందెక్కించేది నీ చేతికా, నా చేతికా? నువ్వు పోటో అడిగినావు, నేను పోటో గురించి చెప్తా. అంతే.

అప్పుడు మేమందరం కోయిలుపట్టిలో ఉంటిమి, ఇప్పుడు మీరుండే ఇంట్లోనే. నువ్వు కారియాపట్టి పిల్లవి, నీకు కొత్తగా ఉండి ఉంటాది. ఆ వీదిలో పొద్దున లేస్తానే ఆడోళ్ళందరూ 'ఆపీసుకి పోతాండాం' అంటారు. కలెక్టరాపీసు అనుకుంటివి కదా? తీపెట్టి ఆపీసు! అగ్గిపెట్టెలు చేసే చోటు. మా వదినె మొగుడు పోయినాక తమ్ముడింటికి వచ్చి, ముప్పై ఏండ్లు ఆ ఆపీసులో పుల్లలు పేర్చింది. కొయ్య చట్టంలో ఒక్కొక్క గాడికి ఒక్కొక్క పుల్ల గుచ్చాల, ఆ చట్టాన్ని తీసుకపోయి మందులో ముంచితే తలకాయ ఎర్రగా వస్తాది. కళ్ళు మూసుకోని పేరుస్తాది మహాతల్లి, నోరు మాత్రం మూయదు. అన్నిటికీ ఒక కేళ్వి. మీ తెలుగు టీచరమ్మలు ప్రశ్న అంటారే, అది. ఒకనాడు బస్సులో పోతా ఉంటిమి. కండక్టరు బస్సు ఆపేదానికి ఒక విజిలు కొడతాడు, పోయేదానికి రెండు కొడతాడు. ఇది లేచి నిలబడి, 'ఏమయ్యా, పోయేదానికే కదా తొందర, దానికి ఒకటి చాలదా, ఆపేదానికి రెండు పెట్టుకో' అనె. వాడు 'అమ్మా, టికెట్టు తీసుకోని కూచో' అనె. ఊరకుంటాదా? నేరుగా డ్రైవరు కాడికి పోయి అడిగె. ఆయన పాపం మంచోడు, 'అవును కదా, ఏంటికి అట్ల?' అని యోచన చేస్తా చేస్తా మేము దిగాల్సిన ఊరు దాటించేసి పోయె. మేమిద్దరం ఎండలో మైలు దూరం వెనక్కి నడిస్తిమి. నడస్తానే అంటాది, 'చూసినావా గాందిమతీ, డ్రైవరుకీ తెలీదు' అని. దానికి అదొక సంతోషం.

ఆ, దాంట్లోనుంచి ఎక్కడికో పోతి. ఇంకొంచెం మజ్జిగ పోయనా? సరే. తొంబై మూడో, నాలుగో. కుమారవేలు గోడ పట్టుకోని నడిచేది నేర్చుకుంటా ఉండె. ఆమెకీ నీ మాదిరే, ఎడమ పక్క రొమ్ములో గడ్డ. మదురైలో ఒక ఆస్పత్రిలో కోసినారు. కోసినాక డాక్టరు, ఇరవై ఒక్క నాళ్ళకొకసారి, ఆరు సార్లు మందెక్కించాల అనె. మాకేం తెలుసు? ఊళ్ళో ఒక్కరైనా ఆ మందు ఎక్కించుకోని ఉంటే కదా. మీ తాత, పెరియసామి దొరగారు, ముందు రోజు అక్కని పిలిచి కూచోబెట్టుకోని, 'అక్కా, వాండ్లు చదువుకున్నోళ్ళు. నీ నోరు అక్కడ తెరవొద్దు. కోపమొచ్చి సూది వంకరగా గుచ్చితే ఎవరు అడిగేది?' అనె. తమ్ముడు మాట అని అది తల ఊపింది. నేనే తోడు పోతిని. తెల్లారి రైలుకి పోయి, వరసగా మంచాలేసిన గదిలో కూచుంటిమి. పాపా, అంత సేపు ఆ నోరు మూతపడి ఉండేది నేను అప్పుడే చూస్తి. బాటిల్లోనుంచి చుక్క చుక్క పడతా ఉంటే పెదవులు కదిలిస్తా లెక్క పెడతా ఉండె, అంతే. నర్సమ్మ ఎర్రమందు సిరంజిలో తెచ్చి మెల్లిగా ఎక్కించేటప్పుడు నా చెవిలో, 'మన పుల్ల తలకాయ రంగే, గాందిమతీ! అడగనా?' అనె. తెలుగులో గుసగుసలాడితే అరవ నర్సమ్మకి ఏం తెలుస్తాది. నేను తొడ గిల్లితి. అడగలే.

ఇంటికి వచ్చి, పొద్దు గూకేటప్పుడు పెరట్లోకి పోయె. పోయి వచ్చినామె మొకం పాలిపోయి ఉండె. స్నానం చేసె, పెట్లో ఉండే పట్టుచీర తీసి కట్టుకునె, నన్ను పిలిచి చెవి కమ్మలు ఊడదీసి చేతిలో పెట్టె. 'ఇవి నువ్వు పెట్టుకో. నా పని అయిపోయె. ఒంట్లో రక్తమంతా ఒంటేలులో పోతా ఉండాది' అనె. నేను ఓ అని ఏడిస్తి. మీ తాత చొక్కా తిరగేసుకోని వీదిలోకి పరిగెత్తె. ఎక్కడికి పోతాండాడో ఆయనకే తెలీదు. మళ్ళీ తెల్లారి రైలు. నర్సమ్మ విని, నవ్వు ఆపుకోలేక నోటికి చేయి అడ్డం పెట్టుకునె. 'మందు ఎరుపు కదమ్మా, బయటికి పోయేటప్పుడూ ఎర్రగానే పోతాది. ఒకటి రెండు రోజులుంటాది, నీళ్ళు బాగా తాగు' అనె. మా వదినె, 'నిన్ననే చెప్పకూడదా తల్లీ, నేను కమ్మలు కూడా ఇచ్చేస్తినే' అనె. ఆ పిల్ల ఏమనె తెలుసా? 'నువ్వు అడగలేదే అవ్వా' అనె. అంతే. ఆ మాట దాని గుండెలో మేకు మాదిరి దిగిపోయె. తిరిగి రైలెక్కితిమి. కడంబూరు దాటినాక, కాదు కాదు, సాత్తూరు కాడనే, 'ఒక మాట అడిగి ఉంటే ఒక రాత్రి చావకుండా ఉంటి కదా' అనె. కమ్మలా? ఆ రైల్లోనే వెనక్కి తీసుకునె. నేనే ఊడదీసి ఇస్తి. ఒక రాత్రి పెట్టుకుంటి, అంతే ప్రాప్తం.

నవ్వినావు. నవ్వు, నవ్వు. ఇప్పుడు చెప్పేది నవ్వేది కాదు, నా తప్పు. కుమారవేలుకి కూడా చెప్పలేదు ఇది. మన ఇండ్లల్లో పిల్లలకి అమ్మవారు పోస్తే ఏం చేస్తాం? వాకిట్లో వేపమండ కడతాం, తాళింపు వేయం, మాంసం గుడ్డు గడప దాటనియ్యం, గెంజి, చప్పిడి కూడు, అంతే కదా. రెండు వారాలు అయినాక ఆమె తల దువ్వుకుంటా ఉంటే పిడికిలి పిడికిలి ఊడొచ్చె. నోట్లో పుండ్లు. మొకం నల్లబడె. నేను చూస్తి. ఇది అమ్మ చూపు కాకపోతే మరేంది అని నేనే తీర్మానం చేసేస్తి. ఎవరినీ అడగలే. వేపమండ కడితి, ఇరుక్కంగుడి మారియమ్మకి మొక్కుకుంటి, ఇంట్లో పోపు శబ్దం లేదు, ఆమెకి మూడు పూటలా గెంజి. ఎంత బక్తిగా చేస్తి అనుకుంటావు! అక్కపక్కోళ్ళు 'గాందిమతి మాదిరి మరదలు దొరకాల' అనిరి. నాకు కొమ్ములొచ్చె. ఆమె ఒకసారి, ఒకే ఒకసారి, అడిగె. 'లోపల మందు పని చేస్తా ఉండాది కదా, కడుపు కాలీగా ఉండొచ్చా గాందిమతీ?' అని. నేను, 'నోరు మూసుకోని తాగు వదినె' అంటి. అట్లనే అంటి, పాపా. ఇప్పుడు కూడా గెంజి వార్చేటప్పుడు ఆ మాట నా చెవిలో పడతాది.

రెండో మందుకి పోతే తూకం చూసిరి, రక్తం చూసిరి. నాలుగు కిలోలు తగ్గిపోయి ఉండాది. డాక్టరు 'ఏం తింటాంది?' అనె. నేను ముందుకి వచ్చి, చేతులు కట్టుకోని, పెద్ద గొప్పగా, 'పత్తియం సార్! ఉప్పు లేదు, నూనె లేదు, గుడ్డు మొకమే చూడలేదు, వారం నాళ్ళుగా వట్టి గెంజి' అంటి. మెచ్చుకుంటాడని చూస్తా ఉండా. ఆయన పెన్ను కింద పెట్టేసె. 'గడ్డని ఆకలితో చంపుదామనుకుంటివామ్మా? అంతకుముందు ఈమె పోతాది' అనె. ఆ వారం మందు ఎక్కించలే. పది రోజులు తినిపించి తీసుకరా, గుడ్డు, చేప, పప్పు, ఏది లోపలికి దిగితే అది, వేడిగా, శుబ్రంగా అని పంపించేసె. నేను బయట మెట్ల మీద కూచోని తలకాయ కొట్టుకుంటి. ఆమె వచ్చి పక్కన కూచోని నా చేయి పట్టుకునె. తిట్టలే. తిట్టి ఉంటే బాగుండేది. 'మనిద్దరం నోరు మూసుకున్న బుద్దిమంతురాళ్ళం. నేను ఎరుపుకి అడగలే, నువ్వు గెంజికి అడగలే' అనె. అనేసి లేచి, మళ్ళీ లోపలికి పోయి, వరసలో నిలబడి, డాక్టరుని, 'విరుదునగరం నూనె పరోట్టా తినొచ్చా?' అని అడిగొచ్చె. ఆయన నవ్వి, నోటి పుండ్లు ఆరినాక, నీ కండ్ల ముందర కాల్చింది అయితే ఒకటి తిను అన్నాడంట. తిన్నాది! తరువాత సారి ఇదే ఊళ్ళో దిగి, రైలుటేషను పక్క సందులో నూనెలో బొరబొరలాడతా ఉండే పరోట్టా, వెంట్రుక లేని మొట్ట తల మీద కొంగు కప్పుకోని, ఒకటి కాదు, ఒకటిన్నర. అర నాది.

మీ అమ్మ పొద్దున నాకు ఫోను చేసె. 'అత్తా, మందు లోపలికి పోయేదాకా పిల్లకి గుడ్డు పెట్టొద్దు, ఒళ్ళు వేడి' అనె. ఆమె మీద నాకు కోపం లేదు. నేను చేసిందాన్నే ఆమె ప్రేమతో చేస్తా ఉండాది. కానీ ఆస్పత్రిలో మీకు ఇచ్చిన కాగితంలో గుడ్డు అని అచ్చేసి ఉండాది. నేను కండ్లద్దాలు పెట్టుకోని రెండుసార్లు చదివినా. ఉడికించింది అని కూడా ఉండాది. ఇంక నీ ఇష్టం.

ఎక్కడ విడిస్తి? ఆ, ఆరు మందులూ అయిపోయె. అయిపోయినాక ఊరంతా తెలిసిపోయె కదా, ఎవరికన్నా ఆ జబ్బంటే మా వాకిట్లోకి వచ్చేది. మొదట వచ్చినవాడు చిన్నతంబి, ఆపీసు గేటు కాడ టీ అంగడి పెట్టుకోని ఉండె. గొంతులో గడ్డ. మందెక్కించే ముందు రోజు సాయంత్రం వచ్చి తిన్నె మీద కూచోని, 'అక్కా, నేను పోను. ఏమైనా కానీ, ఇట్లనే ఉండిపోతా' అనె. నేను లోపలనుంచి వింటా ఉండా, ఇప్పుడు దైర్యం చెప్తాది చూడు అని. చెప్పలే! 'బయపడొద్దు' అనే మాట ఆమె నోట్లోనుంచి నేను ఒకనాడూ వినలే. 'దైర్యం ఏమన్నా అంగట్లో కొని ఇచ్చేదా? నాకే లేదు, వాడికి ఎక్కడనుంచి తీసి ఇచ్చేది' అంటాది. వాడిని, 'సరేలే చిన్నతంబీ, పోతే పో, లేకుంటే లేదు. ఒకవేళ పోతే నాకొక పని చెయ్యి. పెద్ద బాటిలు తగిలించే ముందు చిన్న చిన్న సూదులు రెండు వేస్తారు. అవి ఏంటికని ఆరుసార్లూ అడగాల అనుకోని మరిచిపోతి. నువ్వు అడిగి తెలుసుకోని వచ్చి చెప్పు, నాకు నిద్ర పట్టడంలేదు' అనె. అబద్దం! దానికి అంతా తెలుసు. కానీ వాడు పోయె, పాపా. మూడో నాడు ఆ తిన్నె మీదే కూచోని, 'అక్కా, ఒకటి వాంతి రాకుండా, ఇంకొకటి మందు ఒంటికి పడకపోతే దద్దుర్లు లేవకుండా' అని డాక్టరు మాదిరి చెప్తా ఉండె. వాంతి వచ్చిందా అని ఇది అడిగె. 'వచ్చె, కానీ రెండుసార్లే' అనె వాడు, ఏదో పందెం గెలిచినట్ల.

అట్ల మొదలాయె. ఎవరొచ్చినా ఒక కేళ్వి ఇచ్చి పంపేది. తిరిగొచ్చి జవాబు చెప్పాల, అదే కట్టుబాటు. పాండిసెల్వి అని ఒక టీచరు పిల్ల, నీ ఈడే, ఏడ్చి ఏడ్చి కండ్లు వాచిపోయి వచ్చె. ఆ పిల్లకి, 'కొన్ని మందు సంచులకి నల్ల కాగితం చుట్టి ఉంటారు, ఏంటికో కనుక్కో' అనె. ఇది నిజంగానే తెలీని కేళ్వి. ఆ పిల్ల వచ్చి, వెలుతురు పడితే ఆ మందు చెడిపోతాదంట అవ్వా అనె. మా వదినె ఎగిరి గంతేసె. 'చూడు, మన అగ్గిపుల్ల మందుకి తేమ పడదు, ఆ మందుకి వెలుగు పడదు!' అని ఆపీసంతా చెప్పె. బయం పోతాదా అంటావా? పోదు. బయం దాని పాటికి పక్కన కూచోని ఉంటాది. కానీ మంచం మీద పడుకోని పైకప్పు చూసేవాడు వేరే, 'ఇది ఏంటికి, అది ఏంటికి' అని చూసేవాడు వేరే. ఇది ఆమె చెప్పిన మాటే, నాది కాదు. అందరూ బతికినారని నేను చెప్పను. నీతో అబద్దం చెప్పను. చిన్నతంబి ఒకటిన్నర ఏండ్లకి పోయె. పోయే ముందు కూడా కొడుకుతో, 'అక్కకి చెప్పు, ఈసారి మందు పసుపు రంగు' అని చెప్పి పంపినాడు. ఆమె ఆ పొద్దు అన్నం తినలే. పాండిసెల్వి ఉండాది, తూత్తుకుడిలో, మనవరాలిని ఎత్తుకోని తిరగతా ఉండాది. నిరుడు కూడా ఫోను చేసె.

ఆ వెంట్రుకలు! నువ్వు అడిగిందే మరిచిపోతిని. మా అత్తగారింట్లో ఏడు తరాలు చూసినా అందరిదీ తాటినార మాదిరి నిటారుగా ఉండే జుట్టు. ఆమెదీ అంతే. మందంతా అయిపోయి నాలుగైదు నెలలకి మొలిచె. మొలిచింది చూస్తే, ఇదిగో, పోటోలో ఉండాది కదా, సురుట్ట సురుట్టగా, ఉంగరాలుంగరాలుగా. అద్దం ముందర నిలబడి ఒకటి లాగి వదిలిపెడతాది, అది టక్కని చుట్టుకుంటాది, మళ్ళీ లాగుతాది. చిన్న పిల్ల మాదిరి! డాక్టరు కాడికి పోయి ఏంటికి ఇట్ల అని అడిగె. ఆయన, 'కొందరికి అట్ల వస్తాది, కొందరికి మామూలుగా వస్తాది. ఎవరికి ఎట్ల వస్తాదని ముందే చెప్పలేం అవ్వా' అనె. ఐయో, ఆ రోజు చూడాల దాన్ని! బస్సు డ్రైవరుకి తెలీనప్పుడు కంటే పది రెట్లు సంతోషం. 'డాక్టరుకే తెలీదు గాందిమతీ! అయితే నేనే కనుక్కుంటా' అనె. ఆ పొద్దునుంచి కట్టుబాటు మారె. కేళ్వి తీసుకపోయినోళ్ళు జవాబు చెప్తే చాలదు, తల మొలిచినాక వచ్చి తల చూపించాల. వస్తారు. ఇది కండ్లు మూసుకోని, పుల్లలు పేర్చిన ఆ వేళ్ళతో తల తడిమి చూస్తాది. పదకొండు తలలు చూసింది. ఆరు సురుట్ట, ఐదు నిటారు. నల్లోళ్ళకి సురుట్టా? కాదు. కోపిష్టోళ్ళకా? కాదు. ఆముదం రాసేవాండ్లకా? అదీ కాదు. పన్నెండో తల చూస్తే తేలిపోతాది అంటా ఉండె. రెండువేల ఆరులో, బోజనం చేసి, ఈనిన మేకని చూసొచ్చి, కొంచెం సేపు పడుకుంటా అని పడుకునె, లేవలే. ఆ జబ్బు కాదు పాపా, అది మళ్ళీ రానే లేదు. గుండె. పదమూడేండ్లు ఉండింది. ఆ ఉంగరాలు కొన్నాళ్ళకే పోయి, మళ్ళీ తాటినార అయిపోయె. ఉన్నప్పుడు తీసిన పోటో ఇది ఒకటే.

పన్నెండో తల ఆమె చూడలే. తరువాత ఎవరూ రాలేదు. ఆమె లేదు కదా, ఏంటికి వస్తారు? ఆ పని నేను పట్టుకోని ఉండాల్సింది, పట్టుకోలే. నాకు అంత కేళ్వి లేదు పుట్టుకతో. కానీ మొన్న కుమారవేలు నీ సంగతి ఫోనులో చెప్పినప్పుడు, ఏడ్చినాక, నిజం చెప్తా, ఏడ్చినాక, నీ జడ గుర్తొచ్చె నాకు. పెండ్లినాడు నేనే కదా పూలు చుట్టింది, చేతికి పట్టలే అంత లావు, కొసదాకా నిటారు. ఇది పోతే ఎట్ల వస్తాదో అని తోచె. తోచినాక ఊరికే ఉండలేకపోతా ఉండా. నాకు డెబ్బై ఎనిమిది. ఆరు మందులంటే నాలుగైదు నెలలు. మొలిచేదానికి ఇంకొక నాలుగైదు. పైయేడు తై నెల, పొంగలి వేళ అనుకో. ఎవరినీ అడిగి తెలుసుకునే కేళ్వి కాదు ఇది. మదురై డాక్టరుకి తెలీదు, మీ అమ్మకి తెలీదు. నువ్వు పోయి, ఆరుసార్లూ పోయి, ఆ తలని తీసుకోని ఇక్కడికి వచ్చి, ఇదిగో ఇట్ల నా ముందర కూచోవాల. నేను తడిమి చూడాల. అంతదాకా నేను ఉండాల కదా, దానికోసం మాత్ర కూడా వేళకి మింగతా ఉండా.

అదిగో, హారను. కుమారవేలే. వాడెప్పుడూ రెండుసార్లు కొడతాడు. కొట్టనీ, ఉంటాడు. అడ, గిన్నె కాలీగా ఉండాదే! ఎప్పుడు తింటివి? ఇంకొకటి ఉడికేసినా, ఉండు, వలిచి ఇస్తా. ఉప్పు ఆ పక్కన ఉండాది చూడు.